వన్స్ మోర్ అడిగిన ఊరు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. నేను నాటకాల కంపెనీలో పుట్టాను. ఒక ఊళ్లో మూడు నెలలు ఉంటే ఇంకో ఊళ్లో రెండు నెలలు. బడి ఎక్కడుందో కనుక్కునేలోపే డేరా విప్పేవాళ్లు. కంపెనీ పిల్లలకి చదువంటే పెద్దవాళ్లు నోటితో చెప్పడం, మేం నోటితో అప్పజెప్పడం. పద్యాలు, మాటలు, ఎక్కడ ఏడవాలో, ఎక్కడ ఆగాలో అన్నీ మా నాయనమ్మ చెబితే విని పట్టుకునేవాళ్లం. తొమ్మిదేళ్లకే కొన్ని నాటకాలు, అందరి మాటలతో సహా, నాకు కంఠతా వచ్చు. ‘అ’ ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. తరవాత పెళ్లి, ఒక కూతురు, కాలేజీ హాస్టల్లో వంట. అక్కడ బియ్యం బస్తా మీద ఏం రాసుందో కూడా ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే.

అక్షరాలు ఈ దేశం వచ్చాకే నేర్చుకున్నాను. కేంబ్రిడ్జ్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఒక కమ్యూనిటీ సెంటర్ ఉంది. అక్కడ ఆదివారం పూట పిల్లలకి తెలుగు క్లాసు జరుగుతుంది. మనవరాలిని లోపలికి పంపి బయట కారిడార్‌లో కూర్చోవడం నా పని. తలుపు తెరిచినప్పుడల్లా మంచుగాలి కొడుతోందని టీచరుగారు నన్ను కూడా లోపలికి వచ్చి కూర్చోమన్నారు. కూర్చున్నాక ఊరికే ఉండనిస్తారా, నా చేతికీ ఒక పెన్సిలు ఇచ్చారు. నా పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్లలకి అక్షరాలు వస్తాయి గానీ వాటి వెనకున్న మాటలు తెలియవు. నాకు మాటలన్నీ తెలుసు. వాళ్లు నా చెయ్యి పట్టుకుని గుణింతం దిద్దించారు, నేను వాళ్లకి కథలు చెప్పాను. అలా వచ్చాయి నాకు అక్షరాలు.

పోయిన శనివారం మనవరాలిని ఒక పుట్టినరోజు పార్టీకి తీసుకెళ్లాం. గోడలెక్కే జిమ్ ఒకటుంటే అక్కడ పెట్టారు. ఇంటికప్పు కంటే ఎత్తయిన గోడలు. వాటినిండా రంగురంగుల రాళ్లలాంటివి బిగించి ఉన్నాయి. పిల్ల నడుముకీ తొడలకీ పట్టీలు కట్టి, తాడు తగిలించి, ఎక్కమన్నారు. కింద తాడు పట్టుకున్నది మన తెలుగమ్మాయే. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతూ వీకెండ్‌లో అక్కడ పార్ట్‌టైమ్ చేస్తోందట. నేను కుర్చీలోంచి లేచి నిలబడటం చూసి నావైపు తిరిగి నవ్వింది.

"టెన్షన్ పడకుండ్రి ఆంటీ. తాడు నా చేతులనే ఉంది గదా."

"నన్ను చూడకమ్మా, పిల్లని చూడు" అన్నాను.

నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. కేకు దగ్గరున్న తల్లులు కూడా తిరిగి చూశారు. పైన మనవరాలు గోడ చివర అందుకుని దిగనంటోంది. వన్ మోర్ మినిట్, వన్ మోర్ మినిట్ అని అరుస్తోంది. కిందున్న పిల్లలంతా చప్పట్లు కొడుతున్నారు. నడుం చుట్టూ ఎవరో బిగించి లాగినట్టయి ఊపిరి అందలేదు. కారులో మా అమ్మాయి, బీపీ చెక్ చేయిద్దామా అమ్మా అని అడిగింది. ఏం లేదన్నాను. కారు ఇంటికి చేరేలోపు చెప్పే సంగతి కాదది.

నేనూ ఒకప్పుడు అలా గాలిలో వేలాడినదాన్నే.

అది కోట ఉన్న ఊరు. రాజులు పోయినా ఆ ఊరికి పాట మాత్రం పోలేదు. దీపాలు పెట్టే వేళ ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరి అరుగు మీంచి వీణో ఫిడేలో వినిపించేది. కోట ముందున్న మైదానంలో మా డేరా వేశారు. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన కాన్వాసు గుడ్డ వాసన వస్తే ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి. దానితోపాటు గ్యాస్ లైట్ల మంట వాసన, ముఖాలకి రాసుకునే తెల్లరంగులో కలిపిన కొబ్బరినూనె వాసన, గేటు బయట మరమరాల మురీ మిక్చర్ బండివాడు నిమ్మకాయ పిండుతుంటే వచ్చే పుల్లటి ఘాటు. మేకప్ వేసుకున్నాక మేం ఏమీ తినకూడదు. ఆ బండి చప్పుడు వింటూ, గుటకలు మింగుతూ కూర్చునేవాళ్లం.

మా తాత పోయాక కంపెనీని నడిపింది నాయనమ్మ. మా నాన్న రాజు వేషాలు, అమ్మ రాణి వేషాలు. బాబాయికి గొంతు లేదు. అందుకని అతనికి తెరలు, తాళ్లు, దీపాలు అప్పజెప్పారు. నాన్న గొంతు కోసం ఒక రేకు డబ్బాలో అతిమధురం, కరక్కాయ, మిరియాలు ఉండేవి. ఆ డబ్బా మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ లేదు. మేం పిల్లలం అతిమధురం పుల్లలు దొంగిలించి డేరా వెనక కూర్చుని చప్పరించేవాళ్లం. ఎలుకలు పడ్డాయని నాన్న అనేవాడు. నాయనమ్మ మా అందరి నోళ్లూ వాసన చూసి, ఎలుకలు రెండు కాళ్లవే అని చెప్పి, వరసగా నెత్తి మీద మొట్టేది.

ఆ ఊరంటే నాయనమ్మకి భయం. ఇక్కడ పాలు పోసే మనిషి కూడా శ్రుతి తప్పితే బిందె దించి నిలబడి చూస్తుంది, ఒళ్లు దగ్గర పెట్టుకోండి అని రోజూ అందరికీ చెప్పేది. పైగా మేం వెళ్లినప్పటి నుంచీ వాన. జనం పలచగా వచ్చేవాళ్లు. ఆ ఊళ్లో పాట తెలిసిన పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్లు తల ఊపితే ఊరంతా కదిలొస్తుంది. కోట పక్కన రాతికట్టడం హాలు ఒకటి వాళ్ల చేతిలో ఉంది. వాళ్లకి మా నాటకం నచ్చితే చలికాలం అయ్యేదాకా హాలు మాకిస్తారని, వానలో డేరా కింద పడి ఉండక్కర్లేదని పెద్దవాళ్లు అనుకునేవాళ్లు.

అమ్మకి ఆ హాలు మీద ఇంకో ఆశ ఉండేది. దాని ఎదురుగానే ఆడపిల్లల బడి. అమ్మ ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఆ బడికి వెళ్లింది. పంతులమ్మ నా వయసు అడిగి, ఇంత పెద్దపిల్లకి ఇంకా అక్షరాలు రావా అని ఆశ్చర్యపోయింది. ఆరు నెలలు ఒకచోట ఉంటామంటే చేర్చుకుంటాను, మధ్యలో తీసుకుపోయేటట్టయితే వద్దు అంది. ఆరు నెలలూ ఉంటామండీ అని అమ్మ చెప్పేసింది. హాలు ఇంకా రానేలేదు. తిరిగి వస్తూ దారిలో నా జడ ముందుకి వేసి, రిబ్బన్లు కొనాలి నీకు అంది.

చివరికి ఒక శనివారం ఆ పెద్దమనుషులు నాటకానికి వస్తున్నట్టు కబురొచ్చింది.

ఇక్కడ వన్స్ మోర్ సంగతి చెప్పాలి. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్లీ పాడాల్సిందే. స్టేజీ మీద ఎవరు చస్తున్నా, ఎవరు పెళ్లాడుతున్నా ఆగి, పద్యం మొదలుకి వెళ్లి, మొదటిసారి కంటే రాగం ఇంకాస్త సాగదీసి పాడాలి. చచ్చిపోయిన రాజు లేచి పాడి మళ్లీ చచ్చిపోవడం నేనే చూశాను. ఏ కంపెనీవాడూ వన్స్ మోర్ కాదనడు. కాదంటే ఆ ఊళ్లో ఇక టిక్కెట్టు తెగదు. ఫలానా ఊళ్లో ఫలానా పద్యానికి వన్స్ మోర్ పడింది అని పెద్దవాళ్లు పిల్లల పుట్టుకలు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్లు.

ఆ రోజు వేసింది మా తాత కట్టిన నాటకం. రాజ్యం పోయిన రాజు అడవిలో ఉంటాడు. రాణి మూర్ఛపోతుంది. రాజు దేవతని తలుచుకుని ఒక పద్యం పాడతాడు. ఆ పద్యం జరుగుతుండగా మబ్బుల్లోంచి దేవత వస్తుంది. ఆ దేవతని నేను. పట్టుచీర కింద నడుముకి తోలు బెల్టు. దాని వెనక కొక్కేనికి సన్నటి నల్ల తీగ. తీగ పైకి పోయి, కప్పీ మీదుగా లావు తాడుకి ముడిపడుతుంది. ఆ తాడుని పక్కతెర వెనక బాబాయి, వడ్రంగి మావయ్య ఇద్దరూ కలిసి లాగుతారు. పద్యం మొదలైనప్పుడు అట్టమబ్బుల చాటున నన్ను లేపి, చివరి రాగం అయిపోయినప్పుడు దించుతారు. పాటే వాళ్లకి గుర్తు. తాడుని వెనకున్న గుంజకి చుట్టేవాళ్లు కాదు. చుట్టి విప్పేలోపు పద్యం అయిపోతుంది. అది నెమ్మదిగా సాగే పద్యం. వేరే ఊళ్లలో అది మొదలవగానే జనం వేరుశనగలు కొనుక్కోవడానికి లేచేవాళ్లు. దానికి ఎవరూ వన్స్ మోర్ అడిగినట్టు కంపెనీలో ఎవరికీ గుర్తులేదు.

దేవత తల వంచకూడదని నాయనమ్మ నేర్పింది. కళ్లు వాల్చుకోవచ్చు. కుడిచెయ్యి ఎత్తి ఉంచాలి. పెదాల మీద నవ్వు చెరగకూడదు. దేవతకి దురద పుట్టదు, తుమ్ము రాదు, భయం వెయ్యదు.

ఆ సాయంత్రం డేరా నిండిపోయింది. వెనక నేల మీద ఒకరి మోకాళ్లకి ఒకరు ఆనుకుని కూర్చున్నారు. ముందు కుర్చీల్లో ఆ పెద్దమనుషులు, మడిచిన కండువాలు ఒళ్లో పెట్టుకుని. వాళ్లు చప్పట్లు కొట్టరు. నచ్చితే తొడ మీద ఒక వేలు కదులుతుంది, అంతే. నాయనమ్మ తెర చిరుగులోంచి ఆ వేళ్లనే కాపలా కాస్తోంది.

మా ఘట్టానికి కొంచెం ముందు బెంచీల వైపు నుంచి ఫెళ్లుమని చప్పుడైంది. బెంచీ విరిగి మనుషులు పడ్డారు. గోల పెరగకముందే సరిచేసి రమ్మని వడ్రంగి మావయ్యని అటు తరిమారు. తాడు దగ్గర బాబాయి ఒక్కడే ఉన్నాడు. మావయ్య వచ్చేదాకా పద్యం ఆపుదామా అని అమ్మ అడిగింది. ఈ పిట్టకి ఇద్దరెందుకు వదినా, పద్యం ఎంతసేపు అన్నాడు బాబాయి. నా బెల్టు కొక్కెం సరిచూసి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నావు తల్లీ? నిజం చెప్పు, లాగాల్సింది నేను."

నవ్వకూడదని నాకు తెలుసు, రంగు పగులుతుంది. నాన్న గొంతు ఎత్తగానే నేల నా కాళ్ల కిందినుంచి వెళ్లిపోయింది.

ఆ రోజు నాన్న పాడినట్టు అంతకుముందు పాడలేదు. డేరాలో దగ్గు కూడా వినపడలేదు. నేను అట్టమబ్బుల మధ్య చెయ్యెత్తి నవ్వుతూ వేలాడుతున్నాను. కింద సరిగ్గా నాకు కాస్త ముందుగా అమ్మ మూర్ఛపోయి వెల్లకిలా పడి ఉంది. రాగం అయింది. ఇక దిగుతాననుకుని కాళ్లు దగ్గరికి చేర్చాను. అప్పుడు ముందు వరసలో తెల్లమీసాల పెద్దాయన, మంచినీళ్లు అడిగినట్టు, చాలా మామూలుగా, వన్స్ మోర్ అన్నాడు.

వెంటనే డేరా మొత్తం అదే మాట అందుకుంది.

కదలబోయిన అమ్మ మళ్లీ పడుకుంది. నాన్న ముఖం నాకు కనిపించలేదు గానీ భుజాలు వెడల్పయ్యాయి. పద్యం మొదలుకి వెళ్లాడు. బెల్టు నెమ్మదిగా నడుం మీంచి డొక్కల్లోకి ఎక్కడం మొదలుపెట్టింది. పైనుంచి నాకు జనానికి కనపడని చోటు కనిపిస్తుంది. పక్కతెర వెనక బాబాయి కాలు ఒక పెట్టెకి తన్నిపెట్టి వెనక్కి వాలిపోయి ఉన్నాడు. పొద్దుటి వాన కారి తాడు తడిగా ఉంది. గుంజ అతని వెనక కొద్ది అడుగుల్లో ఉంది. అక్కడిదాకా వెళ్లాలంటే ఒక చెయ్యి వదలాలి. బాబాయి నాయనమ్మవైపు చూశాడు. నాయనమ్మ అరచెయ్యి ఎత్తి చూపించింది, ఆగమని. రాగం మధ్యలో దేవత దిగితే పాట పాడినవాడికి అవమానం. బాబాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పిన మాట అది.

రెండోసారి రాగం సగంలో ఉండగా నేను జారాను. ఒక జానెడు పడి, టక్కున ఆగాను. కిరీటం గలగలమంది. ఎత్తిన చెయ్యి కిందికి ఊగి మళ్లీ పైకి వచ్చింది. నా గొంతులో కేక తయారైంది గానీ బెల్టు దాన్ని బయటికి రానివ్వలేదు.

వెనక నేల మీద ఎవరో ముసలమ్మ, అమ్మవారు తల ఊపిందర్రా అంది. ఆడవాళ్లు లేచి దండాలు పెట్టారు. చప్పట్లతో డేరా గుడ్డ అదిరింది. రాగం అయీ అవకముందే మళ్లీ వన్స్ మోర్.

అప్పుడు నాన్న తలెత్తి నన్ను చూశాడు. రోజూ ఎక్కడ ఉంటానో ఆయనకి తెలుసు. ఇప్పుడు ఎక్కడున్నానో చూశాడు. నా ముఖం చూశాడు. దేవతకి అప్పటికింకా మాటలు లేవు, అందుకని నేనేమీ అనలేదు. నాన్న ముందు వరసవైపు తిరిగాడు. తెల్లమీసాల పెద్దాయన కుర్చీ అంచుకి జరిగి కూర్చుని ఉన్నాడు. నాన్న గొంతు సవరించుకుని మూడోసారి ఎత్తుకున్నాడు.

బాబాయి చేతుల్లోంచి జారిపోయిన తాడు కప్పీవైపు ఎక్కి ఉంది. ఆ జారిన మేర దాని రంగు మారింది. రక్తమని నాకు వెంటనే తట్టలేదు, ఎవరో కుంకుమ రాశారనుకున్నాను. నాయనమ్మ చెయ్యి ఇంకా అలాగే ఎత్తి ఉంది. నేను ఇంకో జానెడు దిగాను. ఈసారి నెమ్మదిగా, ఆగుతూ ఆగుతూ.

కళ్లు వాల్చి చూస్తే కింద అమ్మ కదులుతోంది. మూర్ఛలో ఉన్న మనిషి కదలకూడదు. అమ్మ చేతులు కదల్లేదు, ముఖం కదల్లేదు. మడమలతో చెక్కల్ని తోసుకుంటూ, వీపు మీద కొంచెం కొంచెంగా జరుగుతోంది. నాకు ముందున్నది నా కిందికి వస్తోంది. ఎవరూ చూడలేదు. అందరూ నాన్నని చూస్తున్నారు. అమ్మ కళ్లు సగం తెరిచి నన్నే చూస్తోంది. సరిగ్గా నా కిందికి వచ్చాక ఆగింది. నేను పడితే చెక్కల మీద కాకుండా తన మీద పడతానన్నమాట. అది అర్థమయ్యాక నాకు మరింత భయం వేసింది. నా కిరీటానికి మొనలున్నాయి.

నాన్న రాగం పైకి, ఇంకా పైకి తీసుకెళ్తున్నాడు. దానికి చివర ఉంటుందని అనిపించలేదు. తీగ మళ్లీ కిర్రుమంది. అమ్మ లేచి కూర్చుంది. తరవాత నిలబడింది. చీర కుచ్చిళ్లు తొక్కి తూలి, సర్దుకుని, రెండు చేతులూ పైకి చాపింది.

"చాల్లే అమ్మా. దిగి రా."

నాటకం గొంతు కాదు. అన్నానికి పిలిచే గొంతు.

బాబాయి నాయనమ్మ చెయ్యి వంక చూడలేదు. తాడు వదలడం మొదలుపెట్టాడు. నేను కుదుపులతో దిగి అమ్మ చేతుల్లో పడ్డాను. అమ్మ నన్ను చంకనెత్తుకుంది, తొమ్మిదేళ్ల పిల్లని, కిరీటంతో సహా. నాన్న గొంతు పైన ఒంటరిగా ఒక్క క్షణం నిలబడి తరవాత ఆగిపోయింది. డేరాలో చడీచప్పుడూ లేదు. ముందు వరసలోంచి పెద్దాయన పక్కవాడితో అన్న మాట అందరికీ వినిపించింది.

"ఇదేటి, రాగం మధ్యలో తెంపేసింది."

నాటకంలో నేను చెప్పాల్సిన మాట గుర్తొచ్చింది. అమ్మ చంకలోంచే చెయ్యెత్తి, రాజా విచారించకు, నీ రాజ్యం నీకు దక్కుతుంది అన్నాను. జనం పకపకా నవ్వారు. నాటకం చివరిదాకా జరిగింది. మంగళం పాడేసరికి ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

తెర వెనక నాయనమ్మ బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తోంది. చర్మం వేళ్ల దగ్గర చుట్టలుగా లేచిపోయి ఉంది. అతను పళ్లు బిగించి నావైపు చూసి కన్ను గీటాడు. రాగం మధ్యలో లేచిన రాణిని నా పుట్టుకలో చూడలేదు అని నాయనమ్మ అమ్మని చూడకుండా అంది. హాలు పోయిందని, ఊరు పోయిందని అంది. అద్దం ముందు కూర్చుని రంగు తుడుచుకుంటున్న నాన్న దగ్గరికి అమ్మ వెళ్లి నిలబడింది.

"మీకు కనిపించలేదా?"

నాన్న చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. ఒక చెంప రాజుది, ఒక చెంప మా నాన్నది.

"కనిపించింది" అన్నాడు. "వాడు వదలడని నాకు తెలుసు."

"నాకు తెలీదన్నయ్యా" అన్నాడు బాబాయి.

గొంతు పెంచకుండా అన్నాడు. కొంచెంసేపటికి అమ్మ, రేపట్నుంచి పిల్ల ఎక్కదు అని చెప్పి, నా బెల్టు విప్పింది. డొక్కల మీద ఎర్రగా లేచిన గీతకి వెన్న రాసింది.

హాలు రాలేదు. పెద్దమనుషులు మళ్లీ డేరా వైపు రాలేదు. వానలు తగ్గకముందే సామాను కట్టుకుని ఆ ఊరు వదిలేశాం. బడి ముందునుంచే మా బళ్లు వెళ్లాయి. అమ్మ అటు చూడలేదు. ఇంకే ఊళ్లోనూ నా బడి మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ సాయంత్రం మాట కూడా ఎత్తాల్సి వస్తుందని ఇప్పుడు అనుకుంటాను. నన్ను కింద పడకుండా దింపినందుకు నా అక్షరాలు అలా వెనకపడ్డాయి. ఆదివారం క్లాసులో ‘క’కి తలకట్టు పెట్టేటప్పుడు ఒక్కోసారి ఈ సంగతే తోస్తుంది, చెయ్యి ఆగుతుంది.

నేను మళ్లీ గాలిలోకి లేచాను. అమ్మ కొన్నాళ్లకి మెత్తబడింది. దేవత లేకపోతే ఆ నాటకం లేదు, నాటకం లేకపోతే తిండి లేదు. కానీ అప్పట్నుంచీ తాడుని గుంజకి చుట్టాకే పద్యం ఎత్తుకోవాలని నియమం పెట్టింది. ఆ నియమాన్ని నాయనమ్మ కూడా దాటలేదు. బాబాయి చేతులు మానాయి గానీ వేళ్లు పూర్తిగా చాచలేకపోయేవాడు. అన్నం ముద్ద కలపడానికి కూడా తంటాలు పడేవాడు. సినిమాలు పెరిగాక కంపెనీ చితికిపోయింది. నాన్న చివరి రోజుల్లో ఎవరైనా పాడమంటే ఆ పద్యం తప్ప ఏదైనా పాడేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే రాత్రంతా నన్ను భుజాన వేసుకుని తిరిగినవాడే. ఆ మూడోసారి గొంతు ఎత్తుకునేముందు ఆయన మనసులో ఏం జరిగిందో నేను ఎంత ఆలోచించినా నాకు తెలియదు. పాట అంత బాగా కుదిరిన రోజు ఆయన జీవితంలో మళ్లీ రాలేదని మాత్రం తెలుసు.

ఆ మర్నాడు పొద్దున సంగతి ఒకటి మిగిలింది.

నేను డేరా వెనక కూర్చుని పెరుగన్నం తింటున్నాను. నాన్న వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాడు మార్చామమ్మా, పొడి తాడు, ఇవాళ ముగ్గురు పట్టుకుంటారు, ఒక్కసారి ఎక్కి చూడు, భయం పోతుంది అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఇటు తిరగలేదు గానీ ఊదడం ఆపేసింది.

"నువ్వెక్కు నాన్నా" అన్నాను.

చేతులకి గుడ్డలు చుట్టుకుని కూర్చున్న బాబాయి ముందు నవ్వాడు. వడ్రంగి మావయ్య నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. నేను చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి బెల్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నాన్న అమ్మవైపు చూశాడు. తరవాత లుంగీ పైకి దోపుకుని నిలబడ్డాడు. బెల్టు ఆయనకి చాల్లేదు. మావయ్య ఇంకో తోలుముక్క జోడించి కొక్కెం తగిలించాడు. ముగ్గురు మగవాళ్లు లాగారు. నాన్న పాదాలు నేల వదిలాయి. ఒక బొటనవేలు కాసేపు నేలకోసం వెతికింది. తమాషాకి ఒక స్వరం అందుకోబోయాడు, ఊపిరి చాలక గాలి మాత్రమే వచ్చింది. ముఖం కందిపోయింది. పైనుంచి నావైపు చూశాడు. నవ్వుతున్నవాళ్లంతా ఆగిపోయారు.

నేను ఆ ముగ్గురి వెనక్కి వెళ్లి తాడు కొస అందుకుని మణికట్టుకి చుట్టుకున్నాను. చెయ్యి కోసుకుపోతుంది, వదులమ్మా అన్నాడు మావయ్య. ముందు ఆయన్ని దించండి అన్నాను. వాళ్లు కొంచెం కొంచెంగా దించారు. నాన్న రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా నేను తాడు వదల్లేదు.